మాకు చెప్పలే, మిషన్‌కు చెప్పింది

నాకు ఒక్కతాన కూసునుడు శాతగాదు. దవాఖానల నర్సుగ తిరిగిన కాళ్లు నావి. వార్డు ఈ కొసకెళ్లి ఆ కొసకు, ఆ కొసకెళ్లి కాన్పుల రూముకు, అట్ల తిరుగుడే నా పని. గసొంటి నన్ను ఉద్యోగం ఆఖర్ల కుర్చీల కూసోబెట్టిన్రు. అది గూడ దవాఖానల గాదు, సిద్దిపేటల మా ఇంట్లనే, వంటింటి పక్క అర్రల, ల్యాప్‌టాప్ ముంగట. ఇంట్లకెళ్లి పని దొరికితె అదృష్టమనుకునే పిల్లలు ఇది చదువుతుంటె నవ్వుకుంటరు కావచ్చు. నవ్వున్రి. మీ వయసుల నాకు గూడ కూసోని జీతం తీసుకునేటోళ్లను చూస్తె కుళ్లు పుట్టేది.

పని ఏందంటే, ఆపరేషన్లు, కాన్పులు అయ్యి ఇంటికి పోయినోళ్లకు ఫోన్ చేసి ఎట్లున్నరని అడుగుడు. జరమొస్తున్నదా, కుట్లు ఎండినయా, గోలీలు ఏసుకుంటున్నరా, అన్నం సయిస్తున్నదా. మాది ప్రైవేటు దవాఖాన, పెద్దాఫీసు హైదరాబాద్‌ల ఉండేది. నా మోకాళ్లు మొరాయించినంక నన్ను వార్డుకెళ్లి తీసి ఈ ఫోన్ల పనిల ఏసిన్రు. ముందుగాల దవాఖాన మీది అంతస్తుల ఒక రూముల అందరం కలిసి చేసేటోళ్లం. ఎవరికన్న అనుమానమొస్తే ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి పక్కామెను అడిగేది. కరోనా వచ్చినంక ఎవరిల్లు వాళ్లకు ఆఫీసయింది. కరోనా పోయినంక గూడ మమ్ముల మళ్ల పిలువలే, ఆ రూముల ఏదో స్కానింగ్ మిషన్ పెట్టిన్రట.

ఇంట్ల పనంటె ఏముంటది, కుక్కర్ కూతపెడితే మ్యూట్, ఉల్లిగడ్డల బండి మైకు వస్తే మ్యూట్. స్క్రీన్ మీద నా పేరు పక్కన ఒక పచ్చ చుక్క ఉండేది. జరసేపు లేచి పోతె అది పసుపు అయితది, హైదరాబాద్‌ల సారుకు కనవడుతది. నీళ్లు తాగనీకి పోతె గూడ ఆ చుక్క భయం. వార్డుల హెడ్ నర్సుకు గూడ నేను గట్ల భయపడలే.

మా సారు నా కొడుకు ఈడు పిలగాడు. మంచోడు, ఒక్కనాడు గొంతు పెంచలే. ఏ చెడ్డ ముచ్చటైన "మేడం, ఒక చిన్న రిక్వెస్ట్" అని మొదలు పెట్టేది. 

నాతోని పనిచేసేటోళ్లల్ల ఒక పిల్ల ఉండె. ధూళిమిట్ట దిక్కుది, సిద్దిపేటల కిరాయికి ఉంటుంది. నర్సింగ్ చదివింది గని చంటిపిల్ల తల్లి, నైట్ డ్యూటీలు చెయ్యలేదు. అందుకే ఇంట్లకెళ్లి చేసే ఈ కొలువంటె పానం. నా బిడ్డ ఈడు ఉన్నా నన్ను అక్కా అనేది. దాని గొంతు ఎంత తియ్యగ ఉంటదంటే, బీపీ ఉన్నోళ్లు గూడ ఉప్పు తినుడు మానేస్త అని మాటిచ్చేటోళ్లు. నా గొంతు తెలుసు గద, పక్కూరికి ఇనవడుతది.

ఒకనాడు వీడియో మీటింగ్‌ల సారు చిన్న రిక్వెస్ట్ అన్నడు. కంపెనీ ఒక ఏఐ మిషన్‌ను తెచ్చిందట, అది మనిషి లెక్కనే తెలుగుల మాట్లాడి పేషెంట్లను అడుగుతదట. కొన్ని దినాలు ఒకే పేషెంట్‌కు ఒకసారి మిషన్ చేస్తది, ఒకసారి మేం చేస్తం. ఇద్దరికి చెప్పిన జవాబు కలువకపోతె, మేం మళ్ల మాట్లాడి ఎవరిది కరెక్టో తేల్చాలె. మిషన్ తప్పులు ఎక్కువుంటె మేం ఉంటం. తక్కువుంటె "టీం గురించి ఆలోచిస్తం" అన్నడు. ఆలోచించుడంటె ఏందో మాకు సమజ్ కానంత చిన్న పిల్లలం కాదు.

ఇగ సూడున్రి, అందరం మిషన్ తప్పులు ఏరుడు షురూ చేసినం. అది వార్తలు చదివినట్టు మాట్లాడేది. "నమస్కారం, మీ ఆరోగ్య పరిస్థితిని తెలియజేయగలరు" అనేది. జవాబు నోటితోని అన్న చెప్పొచ్చు, లేకుంటె బాధ లేదంటె ఒకటి, ఉందంటె రెండు నొక్కొచ్చు. ఒక తాత దాన్ని "ఏ ఊరు బిడ్డా మీది" అని అడిగిండు. "క్షమించండి, మీ సమాధానం అర్థం కాలేదు" అన్నది. తాతకు కోపమొచ్చి ఫోన్ కట్ చేసిండు, నాకు ఫోన్ చేసి గట్ల మర్యాద లేనోళ్లను పెట్టుకుంటరా అని తిట్టిండు. ఇంకో ఇంట్ల టీవీల సీరియల్ నడుస్తుంటె, అండ్ల ఎవరో ఏడిస్తే, పేషెంట్ ఏడుస్తున్నదని రాసుకున్నది. ఆనాడు మేం ఫోన్ల నవ్వీ నవ్వీ కండ్లల్ల నీళ్లు తెచ్చుకున్నం. మిషన్ తప్పు అని ఒక్కొక్కటి రాస్తుంటె పానం చల్లగయ్యేది. మనిషి మనిషే, మిషన్ మిషనే అనుకున్న. దవాఖానల ఇన్నేండ్లు పేషెంట్ మొకం చూసి రోగం చెప్పినదాన్ని, గొంతు ఇంటె తెల్వదా అని గీర గూడ ఉండె.

అప్పుడొచ్చింది ఈ కేసు. కొండపాక దిక్కు ఒక ఊరు, మొదటి కాన్పు, ఆపరేషన్ అయ్యి తల్లిగారింటికి పోయిన పిల్ల. తల్లిగారిల్లు అంటున్న గని తల్లి లేదు, ఎప్పుడో పోయింది. బాపు, ఇద్దరు తమ్ములు ఉన్నరు. నేను ఫోన్ చేస్తే బాపు ఎత్తిండు. దవాఖాన మేడం అనంగనే ఆయన సంబురం చెప్పరాదు. "చెప్పున్రి మేడం, చెప్పున్రి" అనుకుంట బిడ్డను పిలిచిండు, టీవీ బంద్ చెయ్యిరా అని కొడుకును కసిరిండు. ఆ పిల్ల వచ్చి అన్నిటికి మంచిగనే ఉన్న మేడం అన్నది. జరం లేదు, గోలీలు ఏసుకుంటున్న, మంచిగనే ఉన్న. నేను బాధ లేదని ఒకటి కొట్టి ఇంకో నంబర్‌కు పోయిన.

తెల్లారి మిషన్ చేసింది. ఆ పిల్ల అన్నిటికి ఒకటి నొక్కింది గని ఒక్కదానికి రెండు నొక్కింది. కిందికెళ్లి మైల ఎక్కువ పోతున్నదా, వాసన వస్తున్నదా అని అడిగే ప్రశ్న అది. ధూళిమిట్ట పిల్ల చూసి ఖుషీగ నాకు ఫోన్ చేసింది. అక్కా, ఇంకో తప్పు దొరికింది అన్నది. తేల్చనీకి తనే ఫోన్ చేసింది. కొండపాక దిక్కు పిల్ల మళ్ల మంచిగనే ఉన్న అన్నది. అయితె మిషన్ తప్పే అని రాద్దామనుకుంటె, మర్నాడు మిషన్‌కు మళ్ల రెండు. మళ్ల అదే ప్రశ్నకు.

నాకు ఆడ మనసు పట్టింది. తెలువక నొక్కితె ఏదో ఒకదానికి నొక్కుతరు. రెండుసార్లు అదే ప్రశ్నకు ఎట్ల నొక్కుతరు? మా పిల్ల అన్నది, ఆపరేషన్ అయిన మనిషి అక్కా, నిద్ర లేకుంట ఏదో నొక్కి ఉంటది అని. కావచ్చు. గని నాకు కూసుంటె కుదురు లేదు.

నేనే ఫోన్ చేసిన. ఈసారి సుట్టు తిప్పకుంట అదే ప్రశ్న సీదా అడిగిన. నా గొంతు నాకే తిరిగి ఇనవడ్డది, నెట్‌వర్క్ మంచిగ లేదనుకున్న. అటు దిక్కు ఎవరో దగ్గిన్రు.  తర్వాత ఆ పిల్ల మెల్లగ "మంచిగనే ఉన్న మేడం" అన్నది. బాపు ఫోన్ గుంజుకోని, బిడ్డకు పొద్దుమాపు నేనే అన్నం పెడుతున్న మేడం, ఫికర్ చెయ్యకున్రి అన్నడు. ఆయన మాటల పావుశేరు అబద్ధం లేదు.

సారును అడిగిన, ఒకపారి పోయి చూసొస్త అని. ఆయన ఎప్పటిలెక్కనే మెత్తగ చెప్పిండు. "మేడం, ఇంటికి పోవుడు మన పని కాదు. మీరు మాట్లాడిన్రు, ఆమె మంచిగున్న అన్నది. మనిషి మాటే ఫైనల్. మిషన్ తప్పని రాసెయ్యున్రి" అన్నడు. ఇంకోనాడు ఆ మాట ఇంటె మిఠాయి పంచేదాన్ని. మనిషి మాటే ఫైనలని కంపెనీనే అంటున్నది, ఇంతకంటె ఏం కావాలె. ఒక్క బటన్ కొడితే మా లెక్కల ఇంకో గెలుపు.

కొట్టలేకపోయిన. అర్రలకెళ్లి వంటింట్లకు, వంటింట్లకెళ్లి అర్రలకు తిరిగిన. ఛాయ పెట్టుకోని తాగుడు మర్సిపోయిన. చుక్క పసుపయింది, మళ్ల వచ్చి మౌస్ కదిలించిన, మళ్ల లేచిన. మా ఆయన పేపర్ పక్కకు పెట్టి, "పోతె పో, గిట్ల తిరగకు, నాకు తల తిరుగుతున్నది" అన్నడు. లాగౌట్ కొట్టి చెప్పులేసుకున్న. కొలువు పోతె పోనీ అనుకున్న అని చెప్తె గొప్పకు చెప్పినట్టు అయితది. బస్సు ఎక్కేదాక కొలువు పోతదనే భయపడ్డ.

కొండపాక కాడ బస్సు దిగి ఆటోల ఆ ఊరికి పోయిన. ఇల్లంటె ఒక్కటే పెద్దర్ర, ఒక మూలకు మంచం, ఒక మూలకు టీవీ. నన్ను చూడంగనే బాపుకు కాళ్లు చేతులు ఆడలే. కుర్చీ తుడిసిండు, కొడుకును పాల పాకెట్‌కు ఉరికిచ్చిండు. పక్కింటోళ్లు గూడ వచ్చి కడప కాడ నిలవడ్డరు. ఆ పిల్ల మంచం మీద కూసోని ఉంది, పక్కన పసిగుడ్డు. నేను ఏం అడుగకముందే "మంచిగనే ఉన్న మేడం" అన్నది. నుదురు మీద చెయ్యిపెట్టిన. కాలుతున్నది.

ఆడ మంచం మీద ఫోన్ ఉండె. ఎప్పుడో నీళ్లల్ల పడ్డదట, చెవుకాడ పెట్టుకుంటె ఇనవడది, స్పీకర్‌ల పెడితెనే ఇనవడుతది. అయినా మా దిక్కు ఫోన్ మంచిగున్నా అందరు స్పీకర్‌లనే మాట్లాడుతరు. చెవుకు పెట్టుకోని పక్కకు పోతె, ఏంది గంత రహస్యమని అడుగుతరు. గా సంగతి నాకు తెల్వక కాదు, నేను గూడ మా అక్కతోని అట్లనే మాట్లాడుత. గని నేను అడిగిన ప్రతి మాట ఆ అర్రంత మోగిందని, ఆ పిల్ల బాపు ముంగట, తమ్ముల ముంగట జవాబు చెప్పాల్సి వచ్చిందని, గా ఫోన్ చూసేదాక నా తలకాయకెక్కలే. నా గొంతు నాకే తిరిగి ఎందుకు ఇనవడ్డదో అప్పుడు సమజైంది.

పాత నర్సు గొంతు తీసి, అందరు బయటికి నడువున్రి అన్న. మొగోళ్లంత పోయిన్రు, బాపు గూడ తలుపు దగ్గరకేసి పోయిండు. చీర జరపకముందే వాసన తెలిసింది. కుట్ల కాడ చీము పట్టింది, లోపట గర్భసంచి గూడ చెడుతున్నదని సమజైంది. నాకు కోపమొచ్చింది. ఎవరి మీదనో తెల్వదు గని ఆ పిల్ల మీదికే పోయింది. మేం గన్నిసార్లు అడిగితె నోట్ల ముద్ద పెట్టుకున్నవా అని కసిరిన.

తలకాయ వంచుకోని చెప్పింది. "మీరు ఫోన్ చేస్తే ఇల్లంత కూసుంటదమ్మా. బాపు టీవీ బంద్ చేస్తడు. గా నొక్కుడు ఫోన్ వస్తే ఎవ్వలు ఇనరు. కంపెనీ ఫోన్ అని నా చేతికిచ్చి పోతరు. అది అడిగింది, నేను నొక్కిన."

నొక్కితె ఏమయితదనుకున్నవు అన్న.

"ఎవరో ఒకరు వస్తరనుకున్న. అవుతల మనిషి లేకుంట ఎందుకు అడుగుతరు?"

 బయటికొచ్చి ఆటో పిలువుమన్న.

సిద్దిపేటకు తీస్కపోయి దవాఖానల అడ్మిట్ చేసినం. డాక్టరమ్మ చూసి, ఇంకా ఆగితె పానం మీదికొచ్చేది అన్నది. ఆపరేషన్ రూముకు తీస్కపోయిన్రు. బాపు వరండాల నేల మీద కూసున్నడు. బిడ్డకు నేనే అన్నం పెట్టిన మేడం, నాకెందుకు చెప్పలే అని అడిగిండు. అదే మాట మళ్ల మళ్ల అడిగిండు. తల్లి లేని బిడ్డను తల్లి లెక్క సాదిన మనిషికి, నీకు చెప్పరాని మాట ఒకటుంటదని ఎట్ల చెప్పాలె? ఆడపిల్ల సిగ్గుపడ్డది అన్న. ఆయన తువ్వాలతోని మొకం తుడుసుకున్నడు. నాకు గూడ ఏడుపొచ్చింది, అటు తిరిగిన. ఆ పిల్ల బతికింది. కొన్ని దినాలకు ఇంటికి పోయింది.

ఇగ మీటింగ్ వచ్చింది. ఈ కేసు మీద ఏం రాయాలె అని సారు పెట్టిన మీటింగ్. దానికంటె ముందు ధూళిమిట్ట పిల్ల ఫోన్ చేసింది. అక్కా, మనం ఫోన్ చేస్తెనే అనుమానమొచ్చిందని చెప్పు, నువ్వు పోతెనే గద దొరికింది, అండ్ల అబద్ధమేమున్నది అన్నది.  పక్కకు దాని పసిపిల్ల సప్పుడు ఇనవడుతుండె. అది చెప్పింది నూటికి నూరు అబద్ధం గూడ కాదు. నేను ఆటో ఎక్కకపోతె మిషన్ రోజు రెండు, రెండు అని రాసుకుంట ఉండేది. గని మిషన్ అడుగకపోతె నేను ఆటోనే ఎక్కకపోదును. మిషన్ తప్పని చెప్తె రేపు దాన్ని బంద్ పెడుతరు. అప్పుడు గసొంటి పిల్ల ఏడ నొక్కాలె? ఆ పొద్దంత నాకు అన్నం సయించలే. రెండు దిక్కుల ఇద్దరు పిల్లలు నిలవడి నా కొంగు గుంజినట్టే ఉండె.

మీటింగ్‌ల సీదా చెప్పిన. మిషన్ అడిగితె చెప్పింది, మేం అడిగితె చెప్పలే, మిషన్‌దే కరెక్ట్ అన్న. స్పీకర్ ఫోన్ సంగతి చెప్పిన. నేను పోయి తీసుకొచ్చిన అని గూడ చెప్పిన. సారు మొకం వెలిగింది. చాలా మంచి కేసు మేడం, అన్ని బ్రాంచీలకు చూపిస్తం అన్నడు. కాని మీరు పోయిన ముక్క మాత్రం పెట్టలేం, ఇంటికి పోవుడు మన పద్ధతిల లేదు, దానికి జాగ లేదు అన్నడు.

అప్పుడు నేను ఆయనను ఒక్కటే అడిగిన. "రేపు ఇంకో పిల్ల రెండు నొక్కితె ఎవరు పోతరు సారు?"

"పోవుడు అవసరం లేదు మేడం. దగ్గరి దవాఖానకు పొమ్మని వెంటనే మెసేజ్ పోతది."

"ఏ ఫోన్‌కు పోతది?"

ఆయనకు జరసేపు అర్థం కాలే. అర్థమయినంక మైకు మ్యూట్ చేసుకున్నడు, పక్కోళ్లతోని ఏదో మాట్లాడిండు. మెసేజ్ గా ఫోన్‌కే పోతది. దాన్ని బాపు తెరుస్తడు, లేకుంటె తమ్ముడు గట్టిగ చదువుతడు. మ్యూట్ తీసి, ఆ పాయింట్ నోట్ చేసుకున్న మేడం అన్నడు. ధూళిమిట్ట పిల్ల వీడియో బంద్ చేసుకున్నది.

కొన్ని దినాలకే మా టీంను తీసేసిన్రు. నాకు ఎట్లయిన రిటైరయ్యే వయసే వచ్చె. వీడుకోలు సభ గూడ వీడియోలనే చేసిన్రు, శాలువ కొరియర్‌ల వచ్చింది. మా ఆయన కవర్ చింపి నా మీద కప్పి, సన్మానమైంది ఇగ ఛాయ పెట్టు అన్నడు. ధూళిమిట్ట పిల్ల చానా దినాలు నాతోని మాట్లాడలే. మాట్లాడినంక తెలిసింది, ఇప్పుడు వేరే కంపెనీకి ఇంట్లనే కూసోని మిషన్ల మాటలు ఇనుకుంట మన యాస నేర్పుతున్నదట. మీటింగ్ గురించి నేనూ అడుగలే, అదీ అడుగలే. మిషన్ ఇప్పుడు నీకంటె మంచిగ బిడ్డా అంటున్నదక్కా అన్నది. నవ్విందో ఏడ్చిందో ఫోన్ల తెల్వలే.

మొన్న కొండపాక దిక్కు పిల్ల ఫోన్ చేసింది. దాని పాపకు పండ్లు వస్తున్నయట. బాపు బాగున్నడట. దాని పెద్దమ్మ బిడ్డకు గూడ మా దవాఖానలనే ఆపరేషన్ కాన్పు అయ్యి, ఇంటికి తీసుకొచ్చిన్రట. అందరు బాగుండాలె అని నేను ఏదో అంటుంటె నడుమల అందుకున్నది.

"నేను అందరికి చెప్పినమ్మా. సిగ్గయితె నోటితోని చెప్పకున్రి, రెండు నొక్కున్రి, మేడం వస్తది అని. మా వాడల ఆడోళ్లందరికి చెప్పిన."

నా కొలువు పోయిందని, ఆ నొక్కుడు ఇప్పుడు నా దాక రాదని ఆమెకు చెప్పాలె. చెప్పనీకి నోరు తెరిచిన. మంచి పని చేసినవ్ బిడ్డా అని ఫోన్ పెట్టేసిన. తర్వాత చెప్పులేసుకోని, ఆ పెద్దమ్మ బిడ్డది ఏ ఊరో అడుగనీకి మళ్ల ఆమెకే ఫోన్ చేసిన.